మిషన్ ఆగకుండా, ఫోన్ ఇవ్వకుండా: నెల్లూరులో ఒక ఇంటి సంక్రాంతి సెలవుల కేస్ స్టడీ

"మేడం, పిల్లల తెలివి పెంచే ఐడియాలు నాకేం వద్దు. రోజుకి నాలుగు బ్లౌజులు కుట్టుకునే దాకా వాళ్ళు నన్ను వదిలితే చాలు." 2023 డిసెంబర్ మధ్యలో ఒక తల్లి నా దగ్గరికి వచ్చి, కుర్చీలో సర్దుకోకముందే అన్న మాట ఇది. ఇంత సూటిగా అడిగేవాళ్ళు తక్కువ. చాలామంది "మా వాడు ఫోన్ వదలడం లేదు" అని మొదలుపెడతారు. ఈమె మాత్రం తన అవసరం ఏంటో చెప్పింది, అందుకే ఈ కేసు నాకు అంత నేర్పిందని అనుకుంటున్నాను.

నేను నెల్లూరులో చిన్నపిల్లల ఎదుగుదల, ప్రవర్తన మీద పని చేస్తాను. ఆమె ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాను, ఇంటిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పిల్లల్ని పెద్దపాప, చిన్నోడు అనే అంటాను. వాళ్ళింట్లో పిలిచేది కూడా అట్లాగే.

పెన్న కట్టకి దగ్గర్లో రెండు గదుల అద్దె ఇల్లు, ముందు చిన్న వసారా. పాపకి ఐదున్నరేళ్ళు, ఒకటో తరగతి. చిన్నోడికి నాలుగేళ్ళు నిండటానికి ఇంకా నాలుగు నెలలుంది, అంగన్‌వాడీకి వెళ్తాడు. తండ్రి ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర పని, వారానికి రెండు మూడు రాత్రులే ఇంట్లో ఉంటాడు. నాయనమ్మ ఉంది కానీ మోకాళ్ళ నొప్పులు, మంచం మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది. ఇక్కడొక్క విషయం గమనించండి. బడికి సంక్రాంతి సెలవులు ఇచ్చే రోజులే టైలరింగ్‌కి ఏడాది మొత్తంలో గిరాకీ ఉండే రోజులు. పిల్లలు ఇంట్లో ఉండే పది పన్నెండు రోజుల్లోనే ఆమె మూడు నెలల అద్దె సంపాదించుకోవాలి.

మనకి చలికాలం సెలవులంటే ఒక్క సంక్రాంతే కాదు. నెల్లూరు వానల్లో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే పడతాయి, వాయుగుండం అన్నారంటే బడికి తాళం. ఆ ఏడాది డిసెంబర్ మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చింది, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేదాకా మనకి కుండపోత. వీళ్ళింట్లో కరెంటు పోయింది, మిషన్‌కి మోటార్ కాబట్టి కుట్టు ఆగిపోయింది, రెండో రోజు మధ్యాహ్నానికి ఫోన్ చార్జింగ్ కూడా అయిపోయింది. "ఆ సాయంత్రం మా ఇల్లు ఇల్లు కాదు మేడం" అంది ఆమె. పాప తలుపుకి తల కొట్టుకుంది, చిన్నోడు వాంతి అయ్యేదాకా ఏడ్చాడు. అది దాటి వారం తిరిగేసరికి, 12వ తేదీ నుంచి రాష్ట్రమంతా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు జీతాల కోసం సమ్మెకి దిగారు. అది 42 రోజులు నడిచింది. అంటే చిన్నోడికి సెలవులు సంక్రాంతికి నెల ముందే మొదలయ్యాయి.

నేను మొదట చేసిన పని వాళ్ళింటికి వెళ్ళి గంటన్నర ఊరికే కూర్చోవడం. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకున్నాను: పిల్లలు పెద్దవాళ్ళని పిలిచింది, జవాబు వచ్చింది, గొడవ, ఫోన్. ఏదైనా జరిగినప్పుడు ఆ గడిలో ఒక గీత.

ఒక ఐదు నిమిషాలు ఎలా గడిచాయో ఉన్నదున్నట్టు చెప్తాను. చిన్నోడు మిషన్ కింద దొర్లుతున్న ఖాళీ దారపు రీలు ఒకటి తీశాడు, దాని మీద ఎర్ర గుడ్డముక్క కప్పాడు, నేల మీద దొర్లించాడు. "అమ్మా, బస్సు." తల్లి నోట్లో గుండుసూదులున్నాయి, "ఊఁ" అంది, తలెత్తలేదు. వాడు మళ్ళీ "అమ్మా బస్సు చూడు" అన్నాడు. పెడల్ చప్పుడు. "అమ్మా, ఆత్మకూరు బస్సు!" ఈసారి ఊఁ కూడా లేదు, లైనింగ్ జారిపోతోంది, ఆమె కళ్ళు దాని మీదున్నాయి. వాడు ఆరుసార్లు పిలిచాడు. తర్వాత లేచి నేరుగా అక్క దగ్గరికి వెళ్ళి జుట్టు పట్టి లాగాడు. పాప కేక పెట్టింది. పెడల్ ఆగింది, సూదులు నోట్లోంచి బయటికొచ్చాయి, ఇద్దరికీ చెరో దెబ్బ, వెంటనే ఫోన్. అక్క కేక నుంచి ఫోన్ చేతికి వచ్చేదాకా అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ గంటన్నరలో పిల్లలు పెద్దవాళ్ళని పిలిచింది ఇరవై మూడు సార్లు. జవాబు వచ్చింది తొమ్మిదికి. గొడవలు ఐదు, అందులో నాలుగుసార్లు గొడవ వెనకే ఫోన్ వచ్చింది. ఆ లెక్క తల్లికి చూపించాను. ఆమె చాలాసేపు ఆ గీతల వంక చూసి, "అంటే నేనే నేర్పించినట్టా" అంది. నేర్పించింది ఆమె కాదు, ఆమె మీద ఉన్న పని. కానీ పిల్లలు నేర్చుకున్న మాట నిజం. మెల్లిగా పిలిస్తే ఏమీ రాదు, జుట్టు లాగితే అమ్మ లేస్తుంది, పైగా ఫోన్ వస్తుంది. మూడున్నరేళ్ళ పిల్లవాడు ఇది ఆలోచించి చేయడు. ఏది పనిచేస్తే అదే మళ్ళీ చేస్తాడు.

ఫోన్ ఎంతసేపు అన్నదానికి డాక్టర్లు చెప్పిన లెక్కలున్నాయి. మూడు, నాలుగేళ్ళ పిల్లలు స్క్రీన్ ముందు రోజుకి గంటకి మించి కూర్చోకూడదని, రోజు మొత్తంలో కనీసం మూడు గంటలు ఒళ్ళు కదలాలని, అందులో ఒక గంటైనా ఆయాసం వచ్చేలా ఆడాలని, నిద్ర 10 నుంచి 13 గంటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో రెండేళ్ళ లోపు అసలు వద్దంది, ఐదేళ్ళ దాకా గంట, ఐదు నుంచి పదేళ్ళ దాకా రెండు గంటల లోపు అంది. వీళ్ళింట్లో కరెంటు ఉన్న రోజు ఇద్దరికీ కలిపి ఐదారు గంటలు నడుస్తోంది. కానీ ఈ లెక్క చెప్పి ఆ తల్లిని ఇంటికి పంపిస్తే ఆమె చేతిలో మిగిలేది భయం ఒక్కటే.

డిసెంబర్ ఆఖరి వారంలో ఆమెకి ఒక చార్ట్ ఇచ్చాను. గంటకో పని: రంగు కాగితాలు, బంకమట్టి, అతికించడం, కథ. మూడో రోజు ఫోన్ చేసి, "మేడం, ఇది చేయాలంటే నేను మిషన్ మూసేయాలి" అంది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేనిచ్చిన ప్రతి పనికీ పక్కన ఒక పెద్ద మనిషి కూర్చుని ఉండాలి. ఆమె మొదటి రోజే అడిగింది టైం, నేను టైం తినే పనులిచ్చాను. ఆ చార్ట్ పక్కన పెట్టి, ఆమె పని చుట్టూనే పిల్లల రోజు ఎలా అల్లాలి అని ఆలోచించాం, ఇద్దరం కూర్చుని. జనవరి 5న కొత్తగా మొదలుపెట్టాం, 9న బడికి సెలవులిచ్చారు.

మార్చిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఒక్కటి: పిల్లలు పిలవక ముందే అమ్మ వెళ్ళడం.

మిషన్ ఎక్కే ముందు పది నిమిషాలు ఆమె నేల మీద కూర్చుంటుంది. సూదీ దారం లేదు, పొయ్యి మీద ఏమీ లేదు. వాళ్ళు ఏ ఆట ఆడితే అదే, ఆమె ఏదీ నేర్పించదు, సరిదిద్దదు. తర్వాత గోడ గడియారం చూపించి, "పెద్దముల్లు మూడు మీదికి రాగానే నేనే వస్తా" అని చెప్పి లేస్తుంది. ముల్లు మూడు మీదికి రాగానే, పిల్లలు పిలిచినా పిలవకపోయినా, మంచిగా ఆడుకుంటున్నా సరే, మిషన్ ఆపి వెళ్ళి అర నిమిషం చూసి, చూసిందేదో చెప్పి వస్తుంది: "ఓ, ఎర్ర బస్సుకి ఇప్పుడు రెండు చక్రాలా!" అంతే. మొదటి రెండు రోజులు పది నిమిషాలకోసారి, తర్వాత పదిహేను, ఇరవై, సెలవుల చివరికి నలభై నిమిషాలు. ఆడుకుంటున్న పిల్లల్ని కదిలించకూడదని మనకి ఒక అలవాటు ఉంది, పడుకున్న పామును తొక్కినట్టు భయపడతాం. నిజానికి పిల్లలు బాగున్నప్పుడు మనం వెళ్ళకపోతే, బాగుండనప్పుడే వెళ్తాం. వాళ్ళకి అర్థమయ్యేది ఆ లెక్కే.

రెండోది ఆడుకునే సరుకు. కొన్నది ఏమీ లేదు. కత్తిరింపు ముక్కలు, ఖాళీ రీళ్ళు, పాత చీర ఒకటి, బట్టల క్లిప్పులు, వాటర్ బాటిల్ మూతలు, చెరిగిపోయిన కొలత టేపు, పాప పాత పలక ఒకటి. మా చిన్నప్పుడు మార్కాపురం పలకలంటే జిల్లాలన్నిటికీ వెళ్ళేవి, ఇది కూడా అలాంటి రాతి పలకే, ఒక మూల విరిగింది, అయినా మిషన్ సుద్దముక్కతో దాని మీద రాయడం చిన్నోడికి ఎంత ఇష్టమో. వీటన్నిటినీ రెండు బుట్టలు చేశాం. ఒకటి బయట, ఒకటి అటక మీద, రెండు రోజులకోసారి మార్చడం. మంచానికీ కిటికీ ఊచకీ చీర కట్టి క్లిప్పులు పెడితే పాప దాన్ని రెండు రోజులు ఇల్లు అంది, మూడో రోజు బడి అంది, తర్వాత పేరే పెట్టలేదు, ఊరికే లోపల పడుకునేది.

మూడోది నిజమైన పని. దీని గురించి నాకు గట్టి నమ్మకం ఉంది. ఐదేళ్ళ పిల్లకి మనం బొమ్మ వంటగది కొనిస్తాం, అసలు వంటగది గడప దగ్గర నిలబెట్టేస్తాం. ఆ ఇంట్లో పాపకి అప్పజెప్పింది హుక్కులు. ఒక్కో బ్లౌజుకి ఐదు లెక్కన ఎంచి కాగితం పొట్లాల్లో పెట్టడం. నాలుగో రోజు ఒక పొట్లంలో నాలుగే ఉంటే తల్లి ఆ బ్లౌజు దగ్గర ఆగాల్సి వచ్చింది, పాపని పిలిచి "అమ్మా, దీంట్లో ఒకటి తక్కువైంది" అంది, కోపం లేకుండా. పాప అన్ని పొట్లాలూ విప్పి మళ్ళీ ఎంచింది. దాదాపు గంట. ఎవరూ కూర్చోబెట్టకుండా ఐదున్నరేళ్ళ పిల్ల గంటసేపు లెక్కపెట్టింది. చిన్నోడికి అనపకాయలు వలవడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం. వాడు తీసిన ఈనె కంటే పారేసిన కాయ ఎక్కువ, మొదటి మూడు రోజులు తల్లికి ప్రాణం ఉసూరుమంది. కానీ వాడు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు, రాత్రి కూరలో తన గింజ ఏదని వెతుక్కుని తిన్నాడు.

నాయనమ్మ సంగతి వేరేగా రాయాలి. రెండో రోజు చిన్నోడు ఫోన్ కోసం పెద్దగా ఏడిస్తే ఆమె తన చిన్న ఫోన్ తీసి దుప్పటి కింద చాటుగా ఇచ్చింది. తల్లి నాకు ఫిర్యాదు చేసింది. నేను వెళ్ళి మంచం పక్కన కూర్చుని, "ఏం పెద్దమ్మా, వాడి ఏడుపు తట్టుకోలేకపోయావా" అన్నాను. ఆమె, "అమ్మాయ్, బిడ్డ ఏడస్తా ఉంటే నా పేగులు కదలతాయి. నేను లేచి ఎత్తుకోలేను. నాకు చేతనైంది అదొక్కటే" అంది. ఆమె తప్పు ఏముంది? మంచం మీద కూర్చునే చేయగలిగింది ఆమె చేతికి ఇంకేదీ మనం ఇవ్వలేదు.

అందుకని వామనగుంటలు. ఇంట్లో గుంటల పీట లేదు, గుడ్ల అట్ట తెచ్చి రెండు వరసలు కోశాం. వరసకి ఆరే గుంటలు వచ్చాయి. నాయనమ్మ చూసి, "ఏడు లేకుండా అదేం ఆట" అని తీసి పక్కన పెట్టింది. మళ్ళీ ఇంకో అట్టలోంచి రెండు గుంటలు కోసి, తల్లి సూదీ దారంతో ఆ చివరా ఈ చివరా కుట్టింది, అప్పుడు ఒప్పుకుంది. పప్పుల డబ్బాలోంచి చింతగింజలు తీసి గుంటకి నాలుగు లెక్కన పోసి, పాపకి పంచడం నేర్పింది. పాప మొదటి రోజు ఓడి ఏడ్చింది, రెండో రోజూ ఏడ్చింది, మూడో రోజు నాయనమ్మ ఓడింది. కావాలని ఓడిందో నిజంగా ఓడిందో నేను అడగలేదు.

అక్కడే ఒక ప్రమాదం తప్పింది. చిన్నోడు ఒక చింతగింజ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, నాయనమ్మ చూసి చెయ్యి పట్టుకుంది. అప్పటి నుంచి వాడికి వేరే అట్ట, అందులో బాటిల్ మూతలే, గింజలు ఆట అవగానే లెక్కపెట్టి డబ్బాలో. ఇది చదివేవాళ్ళకి గట్టిగా చెప్తున్నాను: మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గింజలు, గుండీలు, హుక్కులు నేల మీదికి రాకూడదు. ముక్కులో గింజ దూరితే వేలు, పిన్ను పెట్టి తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గురివింద గింజలు, ఆముదం గింజలు అందంగా ఉంటాయి కానీ విషం, ఆటకి తేవద్దు. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు, మింగాడని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంకొకటి, తుపాను అనగానే మనం డ్రమ్ములు, టబ్బులు, బక్కెట్లు నింపి పెట్టుకుంటాం. చిన్నపిల్లలకి జానెడు నీళ్ళు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. మూత పెట్టండి, లేదా ఆ గది తలుపు గడియ వేయండి.

ఒళ్ళు కదిలే ఆట సాయంత్రం నాలుగున్నరకి, వసారాలో తొక్కుడుబిళ్ల, సందులో పక్కింటి పిల్లలతో పరుగు. చలికి జలుబు చేస్తుందని నాయనమ్మ మంకీ క్యాప్ లేనిదే పంపేది కాదు. జలుబు తెచ్చేది వైరస్, గడప దాటడం కాదు, కానీ టోపీ పెట్టుకుని పరుగెత్తితే మనకి నష్టం లేదు కాబట్టి నేను దాని మీద వాదించలేదు. బయటికి వీల్లేని రోజు ఇంట్లోనే గుడ్డముక్కలు నేల మీద దూరం దూరంగా పరిచి, నేల తగలకుండా వాటి మీద దూకుతూ అవతలి గోడకి చేరాలి. దానికి పాప పెట్టిన పేరు "పెన్న దాటే ఆట". సోమశిల డ్యాం గేట్లు ఎత్తారని అరిచినప్పుడు ముక్కలు దూరం జరపాలి. గుడ్డ జారి పడకుండా కింద తడి లేకుండా చూసుకోండి.

ఫోన్ పూర్తిగా తీసేయలేదు. సాయంత్రం ఆరుకి, దీపం పెట్టాక, నలభై నిమిషాలు. ముందే దించి పెట్టుకున్న రెండు వీడియోలు, దాని వెనక ఇంకొకటి దానంతటదే మొదలవకుండా ఆటోప్లే ఆపేసి, ఫోన్ స్టాండ్ మీద, ఇద్దరూ నాయనమ్మ పక్కన. మంచిగా ఉన్నారని పెంచేది లేదు, అల్లరి చేశారని కోసేది లేదు. బహుమతి చేస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది.

మొదటి మూడు రోజులు ఏడుపు తగ్గకపోగా పెరిగింది. ఇది వస్తుందని తల్లికి ముందే చెప్పి ఉంచాను. ఇన్నాళ్ళూ పనిచేసిన కేక పనిచేయకపోతే పిల్లలు ఇంకా గట్టిగా కేక పెట్టి చూస్తారు, ఆ గట్టి కేకకి ఫోన్ ఇచ్చామంటే రేపటి నుంచి ఆ స్థాయిలోనే మొదలవుతుంది. మూడో రోజు రాత్రి ఆమె ఫోన్‌లో ఏడ్చింది, "నా వల్ల కాదు" అంది. ఆ రోజు ఒక్క బ్లౌజే కుట్టిందట. నాలుగో రోజు రెండున్నర. వారం తిరిగేసరికి నాలుగు.

సెలవులు మొదట 18 దాకా అన్నారు, తర్వాత మూడు రోజులు పొడిగించారు, 22న బడి తెరిచారు. 20వ తేదీన నేను మళ్ళీ అదే టైంకి వెళ్ళి గంటన్నర కూర్చున్నాను. పిలుపులు పద్నాలుగు, జవాబులు పన్నెండు, గొడవలు రెండు, ఫోన్ సున్నా. రోజు మొత్తంలో స్క్రీన్ గంటకి అటూ ఇటూ. గంటన్నరకీ గంటన్నరకీ పోలిక ఒక్క ఇంటి లెక్కే, అన్ని ఇళ్ళకీ ఇదే వస్తుందని నేను అనను. పైగా అక్కడ నాయనమ్మ ఉంది. ఒంటరిగా ఉన్న తల్లికి మంచం మీద కూర్చుని ఆడే ఆ మనిషి ఎక్కడి నుంచి వస్తుంది?

కుదరనివి కూడా ఉన్నాయి. కనుమ రోజు చుట్టాలొచ్చారు, పదకొండు మంది, తొమ్మిది ఫోన్లు. పిల్లలు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళ ఒళ్ళో ఫోన్ చూశారు. మర్నాడు ఉదయం మొదటి రోజు ఏడుపే మళ్ళీ. తల్లి కుంగిపోయింది. పండగ ఒక్క రోజే, ఎల్లుండికి సర్దుకుంటారని చెప్పాను, రెండు రోజులు పట్టింది. పాప తమ్ముడి మీద పెత్తనం అలాగే ఉంది, హుక్కుల పని ఇచ్చాక ఇంకాస్త పెరిగింది కూడా.

అన్నిటికంటే తేలనిది తండ్రి. చెరువు దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా రాత్రంతా కాపలా కాసి, పొద్దున్నే ఇంటికొచ్చి పడుకుని, లేచాక పిల్లల్ని రొమ్ము మీద పడుకోబెట్టుకుని రీల్స్ చూస్తాడు. ఆయనకి పిల్లలతో ఉండే టైం అదే. నేను ఒక్కసారే మాట్లాడగలిగాను. "నేనుండేదే రెండు రోజులు మేడం, ఆ రెండు రోజులు కూడా కాదంటే ఎట్ట" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది, వాదించలేదు. ఫోన్ పక్కన పెట్టమని కాకుండా, పడుకుని లేచాక పిల్లల్ని కట్ట మీదికి తీసుకెళ్ళి రాగలరా అని అడిగాను. చూస్తానన్నాడు. ఒక ఆదివారం తీసుకెళ్ళాడట. చిన్నోడు పెన్నలో నీళ్ళు చూసి, ఇన్ని గుడ్డముక్కలు మన దగ్గర లేవు కదా నాయనా, అన్నాడట.

మార్చిలో, బడికి ఒంటిపూట పెట్టాక మధ్యాహ్నాలు మళ్ళీ ఇంట్లోనే గడుస్తాయి కాబట్టి, ఇంకోసారి వెళ్ళి అవే నాలుగు గడులు గీసుకుని కూర్చుంటాను. ఈసారి తండ్రి ఇంట్లో ఉన్న రోజున.